బండ ఎక్కడం: ప్రమాదం, వయసు

బండలెక్కడాన్ని పుస్తకాల్లో శిలారోహణ అంటారు, పట్నంలో రాక్ క్లైంబింగ్ అంటారు. కోడేరు వైపు ఈ రెండు మాటలూ పెద్దగా వినపడవు. "గుట్టెక్కిండు" అంటారు, అంతే. తప్పిపోయిన మేకపిల్ల కోసమో, సీతాఫలాల కోసమో, గుట్ట మీది దేవుడికి దీపం పెట్టడానికో ఎక్కుతారు. అలా ఎక్కినవాణ్ణి ఎవరూ క్రీడాకారుడని పిలవరు. జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే మాత్రం "ఎందుకెక్కినవురా" అని ఊరంతా అడుగుతుంది. శిలారోహణ శాస్త్రం అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: ఎందుకు ఎక్కాలి, ఎంత ప్రమాదానికి సిద్ధపడి ఎక్కాలి? పదిహేనేళ్లప్పుడు చెప్పిన జవాబు నలభై ఐదేళ్లకు చెల్లదు.

కోడేరు నాగర్‌కర్నూల్ జిల్లాలో మండల కేంద్రం. 2016 అక్టోబరు దాకా పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. దక్షిణాన కృష్ణ, తూర్పున నల్లమల అడవి, పడమర వనపర్తి గుట్టలు, అవి దాటితే గద్వాల నడిగడ్డ. మండలంలో ఎత్తం అని ఒక ఊరుంది, పేరు వింటేనే మెడ పైకి లేస్తుంది. ఈ నేల మీద బండ ఎక్కడం ఆట కాకముందే బతుకుతెరువు. అందుకని ఇక్కడ దాన్ని గురించి రాసేటప్పుడు ఆల్ప్స్ నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

రాతి తీరు

దక్కన్ గట్టురాయి దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. నేల అడుగున గడ్డకట్టిన ఈ గ్రానైటు మీద ఒకప్పుడు ఎంతో మట్టి, రాయి పేరుకుని ఉండేది. ఆ బరువు కొట్టుకుపోయాక రాయి కాస్త వదులై పొరలు పొరలుగా విడిపోయింది. నెర్రెలు పడి, అంచులు అరిగి గుండ్లయింది. హైదరాబాద్ ఖాజాగూడలోనూ, భువనగిరిలోనూ, పాలమూరు పల్లెల వెనకా, తుంగభద్ర అవతల హంపిలోనూ కనిపించే రాళ్లు ఒక కుటుంబానివే అనుకోవచ్చు. హైదరాబాద్‌లో వీటిని క్రషర్ల నుంచి కాపాడాలని 1996లో 'సొసైటీ టు సేవ్ రాక్స్' అనే సంస్థ ఏర్పడింది. పాలమూరు పల్లెల గుట్టలకు అలాంటి వకాల్తా పుచ్చుకునేవాళ్లు తక్కువ.

ఎక్కేవాడి కన్నుతో చూస్తే ఈ రాయి మూడు రకాలు. పరుపుబండ వాలుగా, నున్నగా ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు, అరికాలి రాపిడి మీదే నమ్మకం. గుండు చిన్నది గానీ నిటారుగా ఉంటుంది, మూడు నిలువుల ఎత్తు నుంచి పడినా కాలు విరుగుతుంది. మూడోది నెర్రె. చెయ్యో పిడికిలో అందులోకి దూర్చి బిగించి పైకి లేవాలి. మూడింటికీ ఉమ్మడి శత్రువు పెచ్చు. పైకి గట్టిగా కనిపించే పెచ్చు లోపల బండ నుంచి విడిపోయి ఉంటుంది. మనిషి బరువు పడ్డాక తన సంగతి బయటపెడుతుంది.

పెచ్చును గుర్తుపట్టే విద్యను ఇక్కడ ఎవరూ ఫ్రాన్స్ నుంచి తెచ్చుకోలేదు. వడ్డెరల చేతిలో అది తరతరాలుగా ఉంది. సమ్మెటతో బండ మీద ఒక దెబ్బ వేసి చెవి పెడతారు. రాయి ఖంగుమంటే లోపలిదాకా ఒకటే ముక్క. బోలుగా, డప్పులా మోగితే అడుగున పొర విడిచిందన్నమాట, ఉలికి పని సులువు. క్లైంబింగ్ శిక్షకుడు నేర్పేదీ ఇదే. పట్టు మీద బరువు వేయకముందు పిడికిలితో తట్టి చూడమంటాడు. తేడా ఒక్కటే: బోలు మోత విని వడ్డెర సంతోషిస్తాడు, ఎక్కేవాడు చెయ్యి తీసేసుకుంటాడు.

రాతితోపాటు ఎండను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాలమూరులో వేసవి పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే, నల్లబండ అంతకన్నా ఎక్కువ కాలుతుంది. చెమట పట్టిన వేళ్లకు గ్రానైటు పట్టు దొరకదు. వానాకాలంలో నాచు, పాకురు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తెల్లవారుజామున ఎక్కడమే తెలివైన పని. పగుళ్లలో పాములుంటాయి, గుహల్లాంటి సందుల్లో ఎలుగుబంటి ఉండొచ్చు. అన్నిటికన్నా పెద్ద ముప్పు మాత్రం పైన వేలాడే పెద్ద తేనెతెట్టెది. పెద్ద తేనెటీగలు నిటారు బండ కప్పుల కింద వరసగా పట్లు పెడతాయి. కేకలో, సెంటు వాసనో, పొగో వాటిని రేపితే గుంపుగా వెంటపడతాయి. నేల మీదైతే పరుగెత్తవచ్చు, తాడుకు వేలాడుతున్నవాడు ఎక్కడికి పోతాడు? రక్షణ తాడే అప్పుడు బందిఖానా. మన ప్రాంతంలో కొండెక్కే శిబిరం పెట్టేవాళ్లు ముందు చేయాల్సింది దూరం నుంచి బండంతా కలియజూసి తెట్టెలు ఎక్కడున్నాయో లెక్కపెట్టుకోవడం. విదేశీ చేతిపుస్తకాల్లో ఈ అధ్యాయానికి పెద్ద పీట ఉండదు.

తేనె తాడు

ఆ తెట్టెల కోసమే బండ దిగే చెంచులు నల్లమలలో ఉన్నారు. చెంచుల జీవితాన్ని 1940లో దగ్గరగా చూసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రాసిన గ్రంథం 1943లో వెలువడింది. చెంచుల గురించి ఇప్పటికీ ముందుగా తిరగేసే పుస్తకం అదే. అడవిలో దొరికే దుంపలు, పళ్లు, వేటతో పాటు కొండతేనె వాళ్ల బతుకులో ముఖ్యమైనది. నిటారు బండ మధ్యలో ఉన్న పట్టును కింది నుంచి అందుకోలేరు. అందుకని కొండ పైకి చేరి, చెట్టుకో బండకో తాడు కట్టి, దాని మీదుగా గాల్లోకి దిగుతారు. కింద ఆకులు, గడ్డి రాజేసి పొగ పెడతారు. ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో పట్టు కోసి బుట్టలోకి రాల్చాలి. పాతకాలంలో తాడంటే తీగలు పేనినదే, ఇప్పుడు నైలాన్ తాళ్లు వచ్చాయి.

పైన తాడు దగ్గర ఎవరుంటారన్నది ఇందులో అసలు సంగతి. బావమరిది ఉంటాడు. కారణం దాచుకోకుండా చెబుతారు: దిగినవాడికి ఏమైనా అయితే తన అక్కో చెల్లెలో ముండమోస్తుంది, కాబట్టి ప్రాణం పోయినా తాడు వదలడు. అన్నదమ్ముల మధ్య ఏదో ఒక పంపకం తగువు ఉండొచ్చు గానీ బావమరిదికి ఆ లెక్కలుండవు. క్లైంబింగ్ పరిభాషలో తాడు పట్టేవాణ్ణి బిలేయర్ అంటారు. అతని ఎంపికకు ఇంత సూటి ప్రమాణం పట్నపు క్లబ్బుల్లో లేదు. అక్కడ ఆ ఉదయమే పరిచయమైనవాడి చేతిలో తాడు పెట్టి పైకెక్కేవాళ్లు కోకొల్లలు.

చెంచుల పద్ధతిలో రొమాన్సు వెతుక్కుని మురిసిపోవడం సరికాదు. హెల్మెట్ లేదు, రెండో తాడు లేదు, ఆస్పత్రి దూరం. సీసాలోకి చేరిన తేనెకు పట్నంలో పలికే ధరకూ, దిగినవాడికి ముట్టినదానికీ పొంతన ఉండదు. అయినా ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి వాళ్లు సామాను మీద కాక చుట్టరికం మీద ఆధారపడ్డారు. పెళ్లి అయ్యాకే ఆ తాడుకు అర్థం వస్తుంది.

మోకు, హార్నెస్

తాటిచెట్టు బండ కాదు, కానీ తెలంగాణలో తాడు నమ్ముకుని ఎత్తుకెక్కేవాళ్లలో గౌడులదే పెద్ద సంఖ్య. నడుము చుట్టూ మోకు, కాళ్లకు బంధం, కల్లు గీసే కత్తి, కుండ: ఈ సరంజామా మొత్తాన్ని ముస్తాదు అంటారు. మోకు వాలి కూర్చోవడానికి ఆనిక ఇస్తుంది గానీ, కాలు జారితే ఆపగలదన్న భరోసా లేదు. వానకు నానిన చెట్టు మీద నుంచి జారినవాళ్లు నడుము పడిపోయి మంచాన ఉండటం ప్రతి మండలానికీ తెలిసిన కథే. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం 'కాటమయ్య రక్షణ కవచం' పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. అందులోని హార్నెస్, తాళ్లు, కొక్కేలు అన్నీ పర్వతారోహకుల సామానుకు దగ్గర చుట్టాలే. జారితే మనిషి చెట్టుకే వేలాడతాడు, నేలను తాకడు.

ఈ వృత్తికి సంబంధించి ఇంకో అంకె మన అంశానికి బాగా పనికొస్తుంది. ఆసరా పథకంలో వృద్ధాప్య పింఛనుకు వయసు మొదట 65గా ఉండి తర్వాత 57కు తగ్గింది. గీత కార్మికులకు మాత్రం 50 ఏళ్లకే పింఛను. ఎక్కే ఒళ్లు ఎప్పుడు అలిసిపోతుందన్న ప్రశ్నకు క్రీడా వైద్యులు ఎన్ని గ్రాఫులు గీసినా, ప్రభుత్వ ఉత్తర్వులో మాత్రం ఒక్క అంకె ఉంది. ఆ అంకె గాలిలోంచి ఊడిపడలేదు.

పడితే ఏమవుతుంది

పడటానికి పట్టే సమయం చాలా తక్కువ. 5 మీటర్ల ఎత్తు నుంచి పడ్డవాడు నేలను తాకేసరికి గంటకు సుమారు 36 కిలోమీటర్ల వేగంలో ఉంటాడు. 10 మీటర్లైతే 50, 20 మీటర్లైతే 71. మూడంతస్తుల మేడ ఎత్తున్న గుండు మీంచి పడటమంటే, ఊరి రోడ్డు మీద పోతున్న బండి కిందికి రావడంతో సమానం.

అందుకే తాడు. తాళ్లలో రెండు జాతులున్నాయి, ఈ తేడా తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లున్నారు. సాగే తాడు పడేవాణ్ణి మెల్లగా ఆపుతుంది. 1932లో ఫ్రాన్స్‌లోని షామొనీలో ఏర్పడిన అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య ప్రమాణం ప్రకారం, 80 కిలోల బరువును కఠినమైన తీరులో పడేసినా ఒంటి తాడు మీద తగిలే కుదుపు 12 కిలోన్యూటన్లు దాటకూడదు. సాగని తాడు దిగడానికి, బరువులు లాగడానికి మంచిది. దాని మీద కిందికి పడితే తాడు తెగకపోయినా నడుము విరగవచ్చు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే నైలాన్ తాడు, బావి చేదతాడు ఈ రెండింటిలో దేనికీ చెందవు. ఎండకు తిన్న నైలాన్ చూడటానికి కొత్తగానే ఉంటుంది, లోపల పొడి పొడి అయి ఉంటుంది.

తాడు మంచిదైనా ముడి మనిషిదే. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూవూ అనే చోట ఆనాటి మేటి క్లైంబర్ లిన్ హిల్ తన ముడి వేస్తూ వేస్తూ మధ్యలో ఆపేసింది. తాడు హార్నెస్‌లోకి దూర్చింది, బూట్లు తొడుక్కుందామనో ఎవరితోనో మాట్లాడదామనో పక్కకు తిరిగింది, ముడి పూర్తి చేయడం మరిచింది. పైకెక్కి, కిందికి వాలుదామని తాడు మీద బరువు వేసింది. 20 మీటర్లకు పైనుంచి పడి, చెట్టు కొమ్మల పుణ్యాన బతికి బయటపడింది. అప్పుడామెకు 28 ఏళ్లు. ఆ తర్వాత నాలుగేళ్లకు అమెరికాలోని ఎల్ కాపిటన్ మీద 'నోస్' అనే దారిని చేతులు, కాళ్ల బలంతోనే ఎక్కిన మొదటి మనిషి అయింది. కొత్తవాళ్లు తెలియక పొరబడతారు. ఆరితేరినవాళ్లు పది వేలసార్లు వేసిన ముడే కదా అని చూసుకోరు. రెండోదే ఎక్కువ భయపెట్టేది. అందుకే ఎక్కేముందు ఒకరి ముడి ఇంకొకరు తడిమి చూడటం ఆచారమైంది.

గుండ్లు ఎక్కడంలో తాడుండదు, కింద దిండు పరుస్తారు. చావులు అరుదు, మడమలు, మోకాళ్లు, మణికట్లు విరగడం ఎక్కువ. దిండు పక్కన రాయి ఉంటే దిండు ఉన్నా లేనట్టే. తాడు మీద కిందికి జారే పని చూడటానికి సులువుగా ఉంటుంది, ఫొటోలకు బాగుంటుంది. ఆ సమయానికి ఒళ్లు అలిసి ఉంటుంది, పొద్దు వాలి ఉంటుంది, మనసు అప్పటికే ఇంటికి చేరి ఉంటుంది. తాడు చివర ముడి వేయకపోవడం వల్ల, తాడు ఎంత పొడవుందో చూసుకోకపోవడం వల్ల చచ్చిపోయినవాళ్లలో చేయి తిరిగినవాళ్లే చాలామంది. ఎక్కేటప్పుడు చేతులు చెప్పినట్టు వింటాయి. దిగేటప్పుడు మోకాలి మాట వినాలి.

పిల్లలు, కుర్రకారు

పదిహేనేళ్లలోపు పిల్లలు బల్లుల్లా పాకుతారు. ఒంటి బరువు తక్కువ, కీళ్లు మెత్తన, భయం ఇంకా నేర్చుకోలేదు. అయితే వాళ్ల వేలి ఎముకల కొసల్లో ఇంకా గట్టిపడని పెరుగుదల పొర ఉంటుంది. 13-15 ఏళ్ల మధ్య, ఒళ్లు ఒక్కసారిగా సాగే కాలంలో, రోజూ వేళ్ల మీద బరువు వేసి సాధన చేస్తే ఆ పొర చిట్లుతుంది. ఎక్కువగా నడిమివేలి మధ్య కీలు దగ్గర నొప్పి మొదలవుతుంది. పడిందీ లేదు, దెబ్బా తగల్లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. వారాల తరబడి వేలి కీలు వాచి ఉంటే ఎక్స్‌రే తీయించాల్సిందే. వేళ్లతో వేలాడే కఠిన సాధనలు పిల్లల చేత చేయించకూడదని క్రీడా వైద్యులు పదేపదే చెప్పేది ఇందుకే.

కౌమారంలో ఇంకో చిక్కుంది. ఒంటరిగా ఉన్నప్పుడు వెనకాడే కుర్రాడే తోటివాళ్లు చూస్తుంటే తెగబడతాడు. సీతాఫలాల రోజుల్లో గుట్ట కింద కాసేపు నిలబడితే దీనికి పరిశోధన అక్కర్లేదని తెలుస్తుంది. ఒక్కడే వచ్చిన పిల్లాడు అందిన కాయలు కోసుకుని పోతాడు. నలుగురొస్తే అందనికాయ కోసం గుండు మీదికి పోటీ. ఇప్పుడు కాయ స్థానంలో ఫోన్ కెమెరా వచ్చింది.

మరి పిల్లలను ఎత్తులకు పంపాలా, వద్దా? తెలంగాణలో ఈ చర్చకు ఒక పేరుంది. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. అప్పట్లో గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఐపీఎస్ అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ తలపెట్టిన ఈ ప్రయత్నానికి, 2007లో ఎవరెస్ట్ ఎక్కిన శేఖర్‌బాబు బాచినేపల్లి శిక్షణ ఇచ్చారు. మొదటి పాఠశాల భువనగిరి బండే. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో త్రిభువనగిరి అయిన ఆ కోట, 150 మీటర్లకు పైగా లేచిన ఏకశిల. అక్కడ నిలిచినవాళ్లు డార్జిలింగ్‌కు, ఆ పైన లద్దాఖ్‌కు వెళ్లి, వడపోతలో చివరికి ఇద్దరు మిగిలారు.

అప్పటికి పూర్ణ వయసు 13 ఏళ్ల 11 నెలలు. నేపాల్ వైపు 16 ఏళ్ల లోపువాళ్లకు అనుమతి లేదు. అందుకని టిబెట్ వైపు నుంచి ఎక్కారు. ఇక్కడ ఇద్దరి మాటా వినాలి. అంత చిన్నపిల్లకు చావుబతుకుల మీద సొంత నిర్ణయం తీసుకునే వయసొచ్చిందా అన్నది న్యాయమైన ప్రశ్న. పేద గిరిజన తండాల పిల్లలకు ఇంట్లో, పొలంలో ఎదురయ్యే ముప్పులను ఎవరూ ప్రశ్నించరు, తగిన శిక్షణ ఇచ్చి శిఖరానికి పంపితేనే నీతులు గుర్తొస్తాయా అన్నదీ అంతే న్యాయమైన ప్రశ్న. నా మటుకు ఇక్కడ తేల్చేది శిఖరం కాదు, వడపోత. ఎంతమందిని వెనక్కి పంపగలిగారన్నదే శిక్షణ నాణ్యతకు కొలత. పూర్ణ ఆ తర్వాత తొందరపడలేదు. ఏడు ఖండాల్లో ఎత్తయిన శిఖరాల వరుసను 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలితో ముగించింది. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఎనిమిదేళ్లు.

నడివయసు

అదే ఏడు శిఖరాలను 172 రోజుల్లో చుట్టినవాడు మల్లి మస్తాన్‌బాబు. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో 1974 సెప్టెంబరు 3న పుట్టాడు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్నాడు. ఆ బడి పూర్వ విద్యార్థి లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985 ఎవరెస్ట్ యాత్రలో చనిపోయారు. ఆయన స్ఫూర్తే మస్తాన్‌బాబును కొండల వైపు తిప్పింది. జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కోల్‌కతా ఐఐఎం చదువులు అయ్యాక కొండలు పట్టాడు. 2006లో ఆ వరుస పూర్తయ్యేటప్పటికి 31 ఏళ్లు. 2015 మార్చి 24న చిలీ, అర్జెంటీనా సరిహద్దులోని ఆండీస్‌లో ఒంటరిగా వెళ్లి తప్పిపోయాడు, ఏప్రిల్ 3న మృతదేహం దొరికింది. వయసు 40.

తెలియనితనం వల్ల జరిగింది కాదది. అనుభవం నిండుగా ఉంది, ఒళ్లూ సహకరిస్తోంది. నలభైలో వచ్చే ప్రమాదం వేరే జాతిది. అనుభవం పెరిగినకొద్దీ మనిషి ఇంకా ఎత్తుకు, ఇంకా ఒంటరిగా వెళ్లగలడు. పక్కన తాడు పట్టేవాడు ఉండడు, వాతావరణం మారితే "చాలు, వెనక్కి పోదాం" అనే రెండో గొంతు కూడా ఉండదు.

ఎక్కువమందిలో మాత్రం ఈ వయసులో లెక్క ఇంకో వైపు తిరుగుతుంది. 2017 జూన్‌లో అమెరికా క్లైంబర్ అలెక్స్ హానాల్డ్ తాడు లేకుండా ఎల్ కాపిటన్ ఎక్కినప్పుడు 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. 2022లో తండ్రి అయ్యాక విలేకరులు అతన్ని అడగని సందర్భం లేదు: ఇప్పుడు కూడానా? అదే ప్రశ్న ఎక్కే తల్లులను అడిగే గొంతు ఇంకా కటువుగా ఉంటుంది. తండ్రిని ధైర్యవంతుడంటారు, తల్లిని బాధ్యత లేనిదంటారు. తాటిచెట్టెక్కే తండ్రిని ఎవరూ ఏమీ అడగరు, అడిగితే అన్నం ఎవరు పెడతారు? ఇష్టంతో తెచ్చుకున్న ప్రమాదానికీ, తప్పక మోసే ప్రమాదానికీ సమాజం రెండు తూకపురాళ్లు వాడుతుంది. బీమా కంపెనీలకూ అంతే. వ్యక్తిగత ప్రమాద పాలసీల్లో సాహస క్రీడలను మినహాయించే షరతు సాధారణం. శిబిరానికి డబ్బు కట్టేముందు పాలసీలోని ఆ చిన్న అక్షరాలు చదువుకోవాలి.

చిన్న అక్షరాలంటే చత్వారం గుర్తొచ్చింది. నలభై దాటాక దగ్గరి చూపు మసకబారుతుంది. పేపరు చేతికందినంత దూరం పెట్టి చదివే మనిషికి కడుపు దగ్గరున్న ముడి స్పష్టంగా కనిపించదు. హార్నెస్ బకిల్‌లో పట్టీ సరిగా మడిచిందో లేదో వేలితో తడిమి తెలుసుకోవాలి. రెండు చూపుల అద్దాలు పెట్టుకుంటే ఇంకో తంటా: కాలి కింద చూడబోతే చదివే గాజులోంచి చూడాల్సి వస్తుంది, అడుగు పెట్టాల్సిన చిన్న అంచు అలుక్కుపోతుంది. పుస్తకాలు గుండె గురించి, కీళ్ల గురించి పేజీలకు పేజీలు రాస్తాయి, కళ్లజోడు సంగతి ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. కొండ మీద జోడు జారిపోతే ఏమిటన్న ఆలోచన నలభై దాటినవాడికే వస్తుంది. మెడకు ఒక దారం చాలు.

ఒంట్లో కండ 30 దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం తగ్గుతుంది. ఆయాసం లేకుండా పనిచేసే శక్తి కూర్చుని బతికేవాళ్లలో పదేళ్లకు 10 శాతం దాకా పడిపోతుంది. అంతకన్నా మోసం చేసేది టెండన్లు. సాధన మళ్లీ మొదలుపెట్టిన నడివయసువాడికి కండ నెలల్లో తిరిగొస్తుంది, టెండన్ గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. కండ చెప్పిందని బరువు వేస్తే ఉంగరపు వేలి మొదట్లో టప్‌మని ఒక చప్పుడు వినిపిస్తుంది. టెండన్‌ను ఎముకకు అంటిపెట్టి ఉంచే పట్టీ తెగిందన్నమాట. పక్కనున్నవాళ్లకు కూడా ఆ చప్పుడు వినిపిస్తుంది. తర్వాత నెలల తరబడి విశ్రాంతి.

అరవై దాటాక

పెద్ద వయసులో ఎక్కడం మానాలని ఎక్కడా రాసిలేదు. స్విట్జర్లాండ్‌కు చెందిన మార్సెల్ రెమీ 94 ఏళ్ల వయసులో, 2017లో, తన కొడుకులతో కలిసి ఒక పెద్ద సున్నపురాతి గోడ ఎక్కాడు. తాడు కొడుకుల చేతిలో ఉంది. జపాన్‌కు చెందిన యూయిచిరో మియురా 2013లో 80 ఏళ్లకు ఎవరెస్ట్ ఎక్కి, దిగేటప్పుడు శక్తి చాలక రెండో శిబిరం నుంచి హెలికాప్టర్‌లో వచ్చాడు. శిఖరం చేరిన వార్తే అందరికీ గుర్తుంది. వయసు మీద పడ్డవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ హెలికాప్టర్ వార్త.

హెలికాప్టర్ లేని చోట సంగతి సలేశ్వరం చెబుతుంది. నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం లోపల, లోయ అడుగున ఉన్న ఈ శివక్షేత్రానికి ఏడాదిలో చైత్ర పౌర్ణమి రోజుల్లోనే దారి తెరుస్తారు. కిలోమీటర్ల కొద్దీ రాళ్లదారి, ఒక పక్క గోడ, ఇంకో పక్క లోతు. ఎండాకాలం. జారుడు రాళ్ల మీద అరవై, డెబ్బై ఏళ్లవాళ్లు కర్ర పట్టుకుని దిగుతారు. 2023 ఏప్రిల్‌లో ఇరుకుదారిలో రద్దీ పెరిగి కొందరు భక్తులు ప్రాణాలు కోల్పోయారు. సలేశ్వరంలో లెక్క తలకిందులుగా ఉంటుంది: మామూలు గుట్ట ఎక్కి దిగుతాం, ఇక్కడ ముందు దిగి తర్వాత ఎక్కాలి. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు సులువైన పని, అయిపోయాక కష్టమైన పని. గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఇంతకన్నా చెడ్డ వరుస లేదు. పొద్దుపొడవకముందే దిగడం, తిరిగి ఎక్కడానికి సగానికి మించి నీళ్లు మిగుల్చుకోవడం, మందులు చేతిలో ఉంచుకోవడం తప్ప ఉపాయం లేదు.

వనపర్తి వైపున్న పానగల్లు కోట, ఖిల్లా ఘనపురం కోట అంత కఠినం కావు. పానగల్లు గుట్ట కోసం బహమనీ ఫిరోజ్‌షా 15వ శతాబ్దం మొదట్లో ఏళ్ల తరబడి ముట్టడి వేసి, చివరికి విజయనగర దేవరాయల చేతిలో ఓడిపోయాడు. అంతటి సైన్యాన్ని ఆపిన బండ ఇప్పుడు ఆదివారం వచ్చే కుటుంబాలను ఆపడం లేదు. అరిగిన మెట్లు, విరిగిన గోడ అంచులు, ముళ్లపొదలు మూసేసిన గుంతలు, నీళ్ల కోనేళ్లు: పాత కోటల్లో పిల్లలకూ ముసలివాళ్లకూ ఉన్న ముప్పులు ఇవే. ఇక్కడ తాడు అక్కర్లేదు. మంచి పట్టున్న చెప్పులు, చేతికర్ర, కోనేటి గట్టు మీద పిల్లాడి చెయ్యి వదలకపోవడం చాలు.

పడ్డాక

పడ్డవాణ్ణి చేతులూ కాళ్లూ పట్టి ఎత్తుకురావడం పల్లెల్లో అలవాటు. వెన్నెముక దెబ్బతిని ఉంటే ఆ మోతలోనే కాళ్లు చచ్చుబడిపోతాయి. తల, మెడ, నడుము ఒకే వరసలో ఉండేట్టు నలుగురు కలిసి ఒక్కసారిగా ఎత్తి, బల్లచెక్క మీదకో బిగువైన నులక మంచం మీదకో చేర్చాలి. మెడకు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు ఆనించాలి. నెత్తురు కారుతుంటే గుడ్డతో అదిమి పట్టాలి. తాడుకు కదలకుండా వేలాడుతున్నవాణ్ణి ఎంత తొందరగా దించితే అంత మంచిది. హార్నెస్ తొడలను బిగించి రక్తం కాళ్లలోనే నిలిచిపోతే దెబ్బ లేకుండానే స్పృహ తప్పుతుంది.

108 అంబులెన్స్ ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. అది రోడ్డు దాకా వస్తుంది, గుట్ట మీదికి రాదు. గుట్ట నుంచి రోడ్డు దాకా మోసే నలుగురు మనుషులు, వాళ్ల మంచం ఇప్పటికీ మన ఏర్పాట్లలో భాగమే. ఫోన్ చేసేటప్పుడు గుట్ట పేరొక్కటే చెబితే చాలదు, ఒకే పేరున్న గుట్టలు పక్కపక్క ఊళ్లలో ఉంటాయి. ఏ ఊరి శివారు, ఏ చెరువు కట్ట వైపు, ఏ గుడి దగ్గర బండి ఆగగలదో చెప్పి, కర్ర చివర ఎర్రగుడ్డ కట్టి ఒక పిల్లాణ్ణి రోడ్డు మీద నిలబెట్టాలి.